రామసముద్రపు సరిహద్దు – సీసా వెల

మద్యమును గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు తెగలు. ఒకరు దానిని పాపమని నిందింతురు. మరియొకరు దానిని ఖజానాకు కామధేనువని లెక్కింతురు. అంగడి ముందు నూరు రూపాయల నోటు పట్టుకొని నిలిచిన మనుష్యుని ప్రశ్న ఈ రెండు తెగలకును పట్టదు. వాని ప్రశ్న సులభమైనది: ఇచ్చిన వెలకు తగిన సరుకు దొరకునా? బియ్యమును గూర్చి, నూనెను గూర్చి ఈ ప్రశ్న వేసినవానిని మంచి గృహస్థుడని లోకము మెచ్చును. విస్కీని గూర్చి వేసినచో నవ్వును. కాని ఈ ప్రశ్నకు సరియైన సమాధానము లేకపోవుట వలన కొన్ని ఇండ్లలో కన్నులు పోయినవి, కొన్ని ఇండ్లలో ప్రాణములే పోయినవి. కనుక ఇది నవ్వి విడిచిపెట్టదగిన విషయము కాదు.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు రామసముద్రము తగిన చోటు. మదనపల్లె శాసనసభా నియోజకవర్గములోని ఈ మండలము 2022 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో నుండి, ఆ నెలలో క్రొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరినది. హద్దు దాటినచో కర్ణాటకములోని కోలారు జిల్లా. అటు పోయినచో శ్రీనివాసపురము, ముళబాగిలు తాలూకాలు. ఇటును టమాటా పంటయే, అటును టమాటా పంటయే. ఇటును తెలుగు వినబడును, అటును వినబడును. పెండ్లి సంబంధములకు ఈ హద్దు అడ్డము కాదు. సంతలకు అడ్డము కాదు. అడ్డము వచ్చునది సీసా మీద అంటించిన చీటీకి మాత్రమే. కుప్పము వైపు పోయినచో ఈ చిక్కు మరింత పెరుగును. అచ్చట ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడును కలియును. మూడు ప్రభుత్వములు, మూడు పన్నులు, మూడు వెలలు.

నిషేధమునకు పాత గడ్డ

ఈ ప్రాంతమునకు మద్యశాసనములు క్రొత్త కావు. రాజగోపాలాచారి నాయకత్వమున నున్న మద్రాసు ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, మరుసటి యేడు దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. అనగా తెలుగునాట నిషేధమును తొలుత చవిచూచిన నేలలో ఈ సీమ యొకటి. కల్లు, సారా అమ్మకములు ఆగిన పిమ్మట కలిగిన ఆదాయనష్టమును పూడ్చుకొనుటకై ఆ ప్రభుత్వము 1939లో సామాన్యపు అమ్మకపు పన్నును ప్రవేశపెట్టెను. సీసా పోయినందుకు వచ్చిన ఆ పన్ను, సీసా తిరిగి వచ్చిన తరువాత పోలేదు. 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చి, తక్కిన సరుకులపై రాష్ట్రములు వేయు అమ్మకపు పన్నును తనలో కలుపుకొన్నది గాని, త్రాగు మద్యమును, పెట్రోలు, డీసెలులను మినహాయించినది. కావున మద్యమును వెడలగొట్టుటకై పుట్టిన పన్ను నేడు ముఖ్యముగా మద్యము మీదను, పెట్రోలు మీదను బ్రతుకుచున్నది. చరిత్రకు ఇట్టి హాస్యప్రియత్వము కలదు.

తరువాతి కథ తెలుగువారికి తెలిసినదే. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన పిమ్మట 1954 నవంబరులో ప్రకాశం పంతులు మంత్రివర్గము మద్యనిషేధ విధానముపై వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క వోటు తేడాతో కూలెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరములు నేర్చుకొనుటకు కూర్చున్న తరగతుల నుండియే లేచి, సారా వేలములపై తిరుగబడిరి. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము విధించెను; 1997లో అది సడలింపబడెను. దొంగరవాణా ఆగలేదనియు, ఖజానా నిండలేదనియు అప్పుడు కారణములు చెప్పిరి.

ఈ చరిత్రలో సాధారణముగా గుర్తింపబడని మార్పు ఒకటి కలదు. నిషేధము సడలినప్పుడు సీసా తిరిగి వచ్చినది గాని సారా రాలేదు. నాడు సారా త్రాగిన కూలివాడు మాత్రము ఎచ్చటికిని పోలేదు. అతడు బ్రాందీ షాపునకు వచ్చెను. ఆ అంగడిలో విస్కీ కొన్నను, రమ్ము కొన్నను ప్రజలు దానిని బ్రాందీ షాపనియే పిలుతురు. కాగితముపై ఆ సరుకునకు భారతదేశమున తయారైన విదేశీ మద్యమని పేరు. నిజమునకు దానిలో పెక్కుభాగము సారాకు వారసురాలు. పేరు మారినది, సీసా వచ్చినది, పన్ను పెరిగినది. నేడు చవక విస్కీని గూర్చి మాటలాడువారు ఈ సంగతి మరువరాదు. అది గుమాస్తా సాయంకాలపు సరదా మాత్రమే కాదు. కూలివాని దినవెచ్చము కూడ.

మంచిది యనగా నేమి?

విస్కీ విషయమున మంచి యను మాటకు రెండర్థములు కలవు. ఈ రెంటిని కలగాపులగము చేయుట వలననే వాదములు తెగవు.

మొదటి యర్థము రుచి. బ్రిటన్ శాసనము ప్రకారము స్కాచి విస్కీని ధాన్యము నుండియే తీయవలయును; ఓక్ కొయ్య పీపాలలో కనీసము మూడేండ్లు నిలువ చేయవలయును; మద్యసారము నూటికి నలుబది పాళ్లకు తగ్గరాదు. మన దేశమున సామాన్యముగా అమ్ముడగు విస్కీ సంగతి వేరు. చెరకు మడ్డి నుండియో, నూకల వంటి ధాన్యము నుండియో శుద్ధమైన మద్యసారమును తీసి, దానిలో నీరు, రంగునకు మాడ్చిన చక్కెర, సువాసన, వెలను బట్టి కొంత మాల్టు విస్కీ కలుపుదురు. ఇన్నేండ్లు పీపాలో నుండవలయునను నిర్బంధము దీనికి లేదు. మడ్డిసారముతో చేసిన దానిని యూరపు సమాఖ్య దేశములలో విస్కీయను పేరుతో అమ్మనీయరు.

అట్లని ఈ దేశమునకు మంచి విస్కీ చేయుట చేతగాదనరాదు. కోలారు దాటి పోయినచో బెంగుళూరు వచ్చును. అచ్చట 1948లో స్థాపితమైన అమృత్ సంస్థ 2004లో తన సింగిల్ మాల్టు విస్కీని స్కాట్లండులోని గ్లాస్గో నగరముననే విపణికి తెచ్చినది. జిమ్ మరే యను ఆంగ్ల విమర్శకుడు తన 2010 గ్రంథమున ఆ సంస్థ ఫ్యూజన్ విస్కీకి ప్రపంచమున మూడవ స్థానమిచ్చెను. కాని అట్టి సరుకు చవకగా దొరకకుండుటకు ప్రకృతియే ఒక కారణము. స్కాట్లండు చలిలో పీపా నుండి యేటికి నూటికి రెండు పాళ్లు ఆవిరియగును. బెంగుళూరు వేడిమిలో ఇంచుమించు పది పాళ్లు పోవును. ఆ లెక్కను నూరు లీటర్లు మూడేండ్లకు డెబ్బదిమూడు లీటర్లగును. పోయిన దాని వెలను మిగిలినదే మోయవలయును గదా. దానిపై పన్ను. కావున పీపాలో పండిన విస్కీ సామాన్యుని వెలకు దొరకుట కష్టము.

విదేశీ విస్కీ చవకయగునను ఆశ ఇటీవల కలిగినది. 2025 జూలై 24న భారత, బ్రిటన్ ప్రభుత్వములు సంతకము చేసిన వాణిజ్య ఒప్పందము ప్రకారము స్కాచిపై దిగుమతి సుంకము 150 శాతము నుండి 75 శాతమునకు, పిమ్మట పదేండ్లలో 40 శాతమునకు తగ్గవలసియున్నది. నగరముల విమానాశ్రయములలోను, పెద్ద హోటళ్లలోను ఈ వార్త సంతోషకరమే. రామసముద్రమున దీని ప్రభావము స్వల్పము. దిగుమతి సుంకము తగ్గించునది కేంద్రము. సీసాపై తుది పన్ను వేయునది రాష్ట్రము. మొదటి చేయి విడిచినదానిని రెండవ చేయి అందుకొనదను హామీ యేదియును లేదు.

మంచి యను మాటకు రెండవ యర్థము శుద్ధి. సీసాపై వ్రాసినదే సీసాలో నున్నదా, అందు మిథైల్ మద్యసారము వంటి విషము లేదా యనునది ఈ ప్రశ్న. దీనికి పీపా అక్కరలేదు, మూడేండ్లు అక్కరలేదు. చక్కగా బట్టీపట్టి, పరీక్షించి, మూత బిగించినచో చాలును. రుచి వెలగలది, శుద్ధి చవకగానే లభింపగలదు. రుచి లేని విస్కీని త్రాగినవాడు ముఖము చిట్లించును. శుద్ధి లేని దానిని త్రాగినవాడు కన్ను పోగొట్టుకొనును. ప్రభుత్వపు బాధ్యత మొదటిదాని యందు లేదు. రెండవదాని యందు సంపూర్ణముగా కలదు.

వెల పెంచిన కాలము

2019లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము దశలవారీగా మద్యనిషేధము చేయుదునని వాగ్దానము చేసియుండెను. ఆ యేడు అక్టోబరు 1 నుండి చిల్లర అంగళ్లు ప్రభుత్వపు మద్య సంస్థ చేతికి వచ్చినవి. 4,380 అంగళ్లను 3,500 చేసిరి. పిమ్మట ఇంకను తగ్గించిరి. 2020 మే నెలలో వెలలను రెండు విడతలుగా మొత్తము 75 శాతము పెంచిరి. వెల పెరిగినచో త్రాగుట తగ్గునని వారి వాదము. ఆర్థికశాస్త్రము ఈ వాదమును పూర్తిగా త్రోసిపుచ్చదు. కాని ఆ శాస్త్రమే ఇంకొక మాటయు చెప్పును: ప్రక్కవీథిలో అదే వస్తువు చవకగా దొరకుచుండగా ఈ వీథిలో వెల పెంచినచో, త్రాగుట తగ్గకమునుపే నడక పెరుగును.

రామసముద్రమునకు ప్రక్కవీథి కోలారు జిల్లా. కర్ణాటకమున తొంబది మిల్లీలీటర్ల చిన్న కాగితపు పెట్టెలలోను మద్యము అమ్ముదురు. వీనిని టెట్రా ప్యాకెట్లందురు. అవి పగులవు, మ్రోగవు, చొక్కాజేబులోను, కూరగాయల బుట్టలోను ఇముడును. చిత్తూరు, అనంతపురము జిల్లాల సరిహద్దు గ్రామములలో కర్ణాటక మద్యము పట్టుబడినదను వార్త ఆ యేండ్లలో పత్రికలకు నిత్యకృత్యమైనది. ఇతర రాష్ట్రముల నుండి మనిషికి మూడు సీసాలు తెచ్చుకొనవచ్చునని 2020 సెప్టెంబరులో హైకోర్టు పాత ఉత్తరువును బట్టి తీర్పు చెప్పెను. కొలది వారములలోనే ప్రభుత్వము ఆ వెసులుబాటును తొలగించెను. ఇట్లు ఒక సీసా ముళబాగిలులో సరుకుగా నుండి, కొన్ని మైళ్లు నడచుసరికి నేరమైనది.

ఇంటి అంగడిలో మాత్రము వేరొక లోపము కనబడెను. తెలిసిన పేర్లు మాయమై, ఎన్నడును వినని పేర్లు బల్లపైకి వచ్చినవి. చాలకాలము నగదు తప్ప మరియొక విధమున సొమ్ము పుచ్చుకొనలేదు. అమ్మువాడొకడే యైనప్పుడు కొనువాడు మంచి చెడ్డలు ఎంచుకొనుటకు వీలేది? 2021 చివర పన్ను కొంత తగ్గించి, తెలిసిన సరుకులను కొన్నిటిని తిరిగి తెప్పించుటయే ఆ విధానము పొరపాటైనదని చెప్పకయే చెప్పినట్లైనది. ఆనాటి కొనుగోళ్లపై 2025లో ప్రత్యేక దర్యాప్తు బృందము ఏర్పడి అభియోగపత్రము దాఖలు చేసినది. అందలి నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానములు. అంగడి ముందు నిలిచినవాని అనుభవమునకు మాత్రము తీర్పుతో పనిలేదు: ఎక్కువ వెల యిచ్చియు, ఏమి కొనుచున్నాడో వానికి తెలియలేదు.

2020 జూలై చివర, కరోనా ఆంక్షలచే అంగళ్లు మూతపడియున్న సమయమున, ప్రకాశము జిల్లా కురిచేడులో చేతులు కడుగుకొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. వెలయొక్కటే దానికి కారణమనుట న్యాయము కాదు. కాని వ్యసనమునకు చికిత్స చూపక ద్వారము మాత్రము మూసినచో, మనుష్యుడు గోడ దూకుననుటకు అంతకంటె కఠోరమైన నిదర్శనము లేదు. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక యూడినట్లైనది.

తొంబదితొమ్మిది రూపాయలు

2024లో ప్రభుత్వము మారినది, విధానమును మారినది. అక్టోబరు 16 నుండి 3,396 ప్రైవేటు అంగళ్లు లాటరీ ద్వారా తెరువబడెను. ఒక్కొక్క దరఖాస్తునకు తిరిగి యీయని రుసుము రెండు లక్షలు. దరఖాస్తులు ఇంచుమించు తొంబది వేలు. ఒక్క సీసా అమ్మకమునుపే ప్రభుత్వమునకు చేకూరినది దాదాపు 1,800 కోట్ల రూపాయలు. నూట ఎనుబది మిల్లీలీటర్ల క్వార్టరు 99 రూపాయలకు దొరకునని చాటిరి. అంగడి ముందున్నవాని ప్రశ్నకు తుదకు సమాధానము వచ్చినట్లే తోచినది.

ఆ సమాధానమును రెండు విధముల పరీక్షింపవలసియున్నది. మొదటిది శుద్ధి. 2025 అక్టోబరులో ఇదే అన్నమయ్య జిల్లాలోని ములకలచెరువు వద్ద కల్తీ మద్యము తయారుచేయు స్థావరము బయటపడెను. మదనపల్లె ప్రాంతమునకు అది దూరపు ఊరు కాదు. స్పిరిటు, రంగు, సువాసన, ఖాళీ సీసాలు, అచ్చువేసిన చీటీలు – ఇవి యున్నచో తొంబదితొమ్మిది రూపాయల సరుకునకు నకలు చేయుట కష్టము కాదు. ఆ పిమ్మట ప్రభుత్వము ఎక్సైజ్ సురక్ష యను ఫోను సాధనమును ప్రవేశపెట్టి, మూతపైనున్న గుర్తును పరీక్షించిన తరువాతనే అమ్మవలెనని నిర్ణయించినది. మేలే. కాని చీకటి పడిన తరువాత గ్రామములోని బెల్టు షాపు గూటిలో ఫోను తీసి గుర్తు చూచి కొనువారెందరు? సాధనము దొంగను పట్టించుటకు పనికివచ్చును. దొంగకు లాభము లేకుండ చేయుట మాత్రము విధానము పని.

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో నాటుసారా త్రాగి అరువదిమందికి పైగా చనిపోయిరి. ఆ రాష్ట్రమున చిల్లర మద్యపు టంగళ్లు ప్రభుత్వమువే. దీనిని బట్టి చూడగా ప్రభుత్వపు టంగడి యున్నంత మాత్రమున రక్షణ లేదు. ములకలచెరువును బట్టి చూడగా ప్రైవేటు అంగడి యున్నంత మాత్రమునను రక్షణ లేదు. అంగడి యెవరిదన్న వాదములో రెండు పక్షములు ఇంతకాలము పొద్దుపుచ్చినవి. అసలు ప్రశ్న పరీక్ష యెవరిదన్నది.

రెండవ పరీక్ష వెల. తొంబదితొమ్మిది చవకయా? 2024–25లో ఉపాధిహామీ పనికి ఆంధ్రప్రదేశమున దినకూలి 300 రూపాయలు. అందు ఒక క్వార్టరు ఇంచుమించు మూడవ వంతు. దినమునకొకటి చొప్పున నెలకు 2,970 రూపాయలు. అనగా పది దినముల కష్టము. నలుబదిరెండున్నర పాళ్లకు మించిన సామాన్యపు తీవ్రతతో చూచినచో ఆ క్వార్టరులో అరువది గ్రాముల శుద్ధ మద్యసారము కలదు. క్షేమకరమైన పరిమాణమనునది మద్యమునకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. ఈ లెక్క ముందు పెట్టుకొనక చవక మద్యమును సంక్షేమ పథకము వలె చాటుట సబబు కాదు. వెల విపరీతముగా పెంచినప్పుడు పేదవాడు విషమువైపు పోవును. వెలను గొప్పగా చెప్పుకొని తగ్గించినప్పుడు వ్యసనమువైపు పోవును. రెండింటను నష్టపడునది ఆ యింటి పొయ్యియే.

హద్దుకు ఇరువైపుల చేయదగినది

రాజ్యాంగములోని 47వ అధికరణము మత్తుపదార్థములను నిషేధించుటకు యత్నింపుమని రాష్ట్రములకు బోధించుచున్నది. ఏడవ షెడ్యూలు అదే మత్తుపదార్థములపై పన్ను వేయు నధికారమును ఆ రాష్ట్రములకే యిచ్చుచున్నది. ఒక చేత జపమాల, మరియొక చేత తక్కెడ. ఏ పార్టీ వచ్చినను ఈ రెండు చేతుల చిక్కు తప్పదు. తప్పనిది కనుక దానిని దాచుట మానవలయును. నిషేధమను పేరుతో ఆదాయము, నాణ్యమను పేరుతో ఆదాయము రెండును ప్రజలు చూచిరి. ఈ సీసా వెలలో తయారీకి ఇంత, అంగడివానికి ఇంత, ప్రభుత్వమునకు ఇంత యని చీటీ మీదనే అచ్చువేసినచో సగము రాజకీయము అచ్చటనే సద్దుమణగును. తానిచ్చునది దేనికో తెలిసినవానికి తానేమి పుచ్చుకొనుచున్నాడో అడుగు ధైర్యము కలుగును.

రెండవది, అన్నిటికంటె చవకయైన సరుకునకు అన్నిటికంటె కఠినమైన పరీక్ష యుండవలయును. నేడు జరుగునది తరచు దీనికి విరుద్ధము. ఖరీదైన సీసాకు దాని పేరే కావలి. చవక సీసాకు ప్రభుత్వమే కావలి. ఏ విడత సరుకు ఎప్పుడు పరీక్షింపబడెనో, ఫలితమేమో మండల కేంద్రమున అందరకు కనబడునట్లు పెట్టుటకు పెద్ద వ్యయము కాదు.

మూడవది, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వములు కనిష్ఠపు తరగతి సరుకు విషయమున నైనను వెలల నడుమ పెద్ద అంతరము లేకుండ మాటలాడుకొనవలయును. నదీజలములకై కూర్చున్నవారు సీసాకై కూర్చుండుట చిన్నతనము కాదు. వెలలు దగ్గర పడినచో చెక్‌పోస్టు చేయలేని పనిని లెక్కలే చేయును.

నాలుగవది, మద్యము వలన వచ్చు సొమ్ములో నిర్ణీతమైన భాగము వ్యసన చికిత్సకు పోవలయును. మదనపల్లె వంటి పట్టణములలో టమాటా మండీకి వచ్చిన రైతు, ధర పలికిన దినమునను, పలుకని దినమునను బ్రాందీ షాపును దాటియే ఇంటికి పోవును. ఆ త్రోవలోనే వైద్యుని గది కూడ కనబడవలయును.

మంచి విస్కీ తగిన వెలకు దొరకుట పౌరుని హక్కని యెవ్వరును వాదింపరు. కాని పన్ను పుచ్చుకొని అమ్మనిచ్చిన సరుకులో విషము లేకుండుట మాత్రము నిస్సందేహముగా హక్కే. దూబగుంట స్త్రీలు నాడు కోరినది రుచి కాదు, వెల కాదు. సాయంకాలము ఇల్లు చేరు మగవాడు మనుష్యుడుగా చేరవలెనని మాత్రమే. హద్దుకు ఇటునున్న ఆంధ్ర ప్రభుత్వమైనను, అటునున్న కర్ణాటక ప్రభుత్వమైనను తన మద్యవిధానమును ఈ గీటురాయిపై గీచి చూచుకొనవలసియున్నది. ఆ పరీక్షలో నెగ్గని విధానమునకు ఖజానా నిండుట జయము కాదు.